పుట్టింటికి పంపిన జామీను

సోమవారం. గాలి తూర్పు. నీళ్లు సగం కోటా.

అతిథి తిన్నది, పడుకున్నది, క్షేమం.

జామీను కచేరీ వాళ్లు రోజూ రాయమన్నవి ఈ మూడే. మిగతాది నా సరదా. పలక వాళ్లది, కరెంటు వాళ్లది, చదివే కర్మ కూడా వాళ్లదే.

ఉదయం మేడ మీద ఉప్పునీళ్లని మంచినీళ్లు చేసే పెట్టె జల్లెడ కడిగాను. నాచు పట్టి చేప పొట్టలా జారుతోంది. ఇల్మా సాయం చేస్తానంటూ మెట్లెక్కబోతే కసిరాను. ఎనిమిదో నెల కడుపుతో మెట్లెక్కడమేమిటి? "ఏటత్తా, నానేటి గాజుసీసానా?" అంది. చూడ్డానికి మంచుదేశపు పిల్ల, ఎండ తగిలితే కందిపోతుంది. నోరు తెరిస్తే అచ్చం మా భీమిలి రేవులో చేపలమ్మే మనిషి. మూడేళ్లు నా వంటింట్లో పీట మీద కూర్చుని నేర్చుకున్న తెలుగు మరి.

ఇల్మా నా ఇంట్లో ఉన్నంత కాలం నా కూతురు తారక వాళ్లింట్లో ఉంటుంది, ఉత్తర సమాఖ్య రాజధానిలో, ఇల్మా తల్లి తోరా దగ్గర. దాన్నే జంట అంటారు. ఇక్కడి ఇంటికి అక్కడి పిల్ల, అక్కడి ఇంటికి ఇక్కడి పిల్ల. సమాఖ్య వాళ్లు మా ఊరి మీద అణుబాంబు వెయ్యాలంటే ముందు తమ పిల్లల మీద వేసుకోవాలి. మనవాళ్లకూ అంతే. చెరొక నగరం బూడిదయ్యాక, మా వైపు పోయినదానిలో మా ఆయన కూడా పోయాక, రెండు వైపులా పెద్దలకు తట్టిన ఉపాయం ఇది. మొదట్లో మంత్రుల పిల్లల్నే పెట్టారు. మంత్రులకు పిల్లలెక్కువ, బెంగ తక్కువ అని తేలాక అందరి పేర్లూ వేసి చీటీలు తీశారు. నా తారక పేరొచ్చింది.

తోరాను నేనెప్పుడూ నేరుగా చూడలేదు. నెలకోసారి కచేరీలో తెర మీద మాట్లాడుకుంటాం, యంత్రం అటుదిటు ఇటుదటు చెబుతుంది. "నీ కూతురు బాగా తింటోంది" అంటుంది ఆవిడ. "నీ కూతురు బాగా వాగుతోంది" అంటాను నేను. మా పేటలో జంట తల్లుల్ని వియ్యపురాళ్లంటారు. పెళ్లి లేని వియ్యం మాది.

బుధవారం. గాలి లేదు. నీళ్లు సగం కోటా.

అతిథి తిన్నదని రాయలేను. సగం వదిలేసింది.

రేడియో పొద్దుటి నుంచీ పగడాల దిబ్బ గురించే. నడిసముద్రంలో, పోటుకు మునిగి ఆటుకు తేలే ముక్క. దాని కింద ఏదో ఖనిజం ఉందని మన నౌకలు ఒకవైపు, సమాఖ్య నౌకలు ఒకవైపు మూతులు ఎదురెదురుగా పెట్టుకుని నిలబడ్డాయి. రాయబారులు తటస్థ దీవిలో కూర్చుని "మీరు ముందు వెనక్కి పొండి" అంటే "మీరే ముందు పొండి" అనుకుంటున్నారు. మా కుళాయి దగ్గర బిందెల తగువులు ఇంతకంటే బేగి తెగుతాయి.

మధ్యాహ్నం పెరట్లో బట్టలారేస్తుంటే ఇల్మా గోడవారన కూర్చుని ఏడుస్తోంది. అడగ్గా అడగ్గా, "అమ్మ కావాలత్తా" అంది.

బట్టలు వదిలేసి పక్కన కూర్చున్నాను. చలికాలంలో మొగుడు అనుమతి మీద వచ్చి నాలుగు రోజులుండి వెళ్లాడు. అతనూ వాళ్ల నౌకలమీదే పనిచేస్తాడు, ఇప్పుడా దిబ్బ దగ్గరే ఉన్నాడో ఏమో. ఈ పిల్లకి ఎవరున్నారిక్కడ, నేను తప్ప?

"మీ దేశంలో తొలి కానుపు ఎక్కడే?"

"మొగుడింట్లోనే. అమ్మ రాకూడదు. వస్తే అత్తారికి నామోషీ."

"ఛీ! అదేం ఆచారమే?"

"అక్కడున్నప్పుడు నాకూ ఏటీ అనిపించనేదు. ఇక్కడ మన ఈధిలో ప్రతి గుంటా గాజులేసుకుని పుట్టింటికెళ్లడం సూసేను గదా. నాకూ మనసయిపోయింది."

మూడేళ్లలో తెలుగు నేర్చుకుంది, చేపల పులుసు నేర్చుకుంది, ఇదీ నేర్చుకుంది. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. కడుపుతో ఉన్న పిల్ల అమ్మ దగ్గరకు వెళ్తానంటే వద్దనే ఇల్లు ఈ ఊళ్లో ఉంటుందా?

"నేనడుగుతాను కచేరీలో" అన్నాను.

ఏడుపు ఆపేసింది. "అడక్కత్తా. మావోళ్లు నమ్మరు."

"ఏం నమ్మరు?"

"జామీనుని ఎవలైనా ఊరకనే ఒగ్గీస్తారేటి?"

"ఊరికే ఎందుకు వదుల్తానే? చీరా సారె పెట్టి మరీ వదుల్తాను" అన్నాను. నా తెలివి అలాంటిది.

శుక్రవారం. గాలి తూర్పు. నీళ్లు పావు కోటా.

అతిథి తిన్నది. క్షేమం.

కచేరీకి వెళ్లాను. మా పేట ఇళ్లు చూసే అధికారి సన్యాసిరావు, నన్ను అప్పా అంటాడు. విషయం చెబితే ముందు పకపకా నవ్వాడు.

"అప్పా, వాళ్లు అతిథులన్నది పేరుకే. జామీను మనుషులు. జామీనుకి పుట్టిల్లేటి, పురుడేటి?"

"మీ ఆవిడ తొలి కానుపు ఎక్కడ తమ్ముడూ?"

"వాళ్లమ్మ దగ్గిరే, బొబ్బిల్లో."

"ఈ పిల్లకి మాత్రం అమ్మ లేదా?"

నవ్వు ఆగిపోయింది. పెన్సిలు చెవిలో పెట్టుకుని తిప్పుకుంటూ కూర్చున్నాడు. మూడో నెలకి బిడ్డతో వచ్చేస్తుందని నేను పూచీ ఉంటానన్నాను. అర్జీ పైకి పంపి చూస్తానన్నాడు. పైవాళ్లు చెత్తబుట్టలో పడేస్తారని అతని ముఖమే చెప్పింది. నాకూ అలాగే అనిపించింది, కానీ అడిగానన్న తృప్తి మిగిలింది.

ఆదివారం. గాలి దక్షిణం. నీళ్లు, ఈ రోజుకి మాత్రం, పూర్తి కోటా!

నీళ్లు పూర్తిగా ఎందుకిచ్చారంటే మంత్రిగారు మా ఇంటికొచ్చారు.

చెత్తబుట్టలో పడలేదు. రాయబారుల మాటలు ఎటూ కదలక అందరూ తలలు పట్టుకుని ఉన్న సమయంలో నా అర్జీ వాళ్లకి దొరికిందట. మన వైపు నుంచి ఒక మంచిమాట, ఒక మంచిపని కావాలి. నౌకలు వెనక్కి తియ్యాలంటే పరువు అడ్డు. కడుపుతో ఉన్న పిల్లని పంపడానికి ఏం అడ్డు? జంటలు మొదలైన దగ్గర్నుంచీ ఏ జామీనూ తిరిగి వెళ్లలేదు. ఇల్మా మొదటిది.

వీధి వీధంతా వచ్చింది. చలిమిడి చేశాను. ఇల్మాకి పసుపుచీర కట్టి, చేతుల నిండా గాజులు తొడిగి, ఒడి నింపాం. ముత్తయిదువులు పాటలు పాడారు. మంత్రిగారు నా పక్కన నిలబడి ఫొటో తీయించుకుంటూ "శాంతికి ఆడవాళ్ల దారి ఇది" అన్నారు. ఆయన వెంట వచ్చినవాళ్లంతా చప్పట్లు కొట్టారు. నాకూ గర్వంగానే అనిపించింది, ఎందుకు దాచాలి? దేశాలన్నీ చెయ్యలేనిది వరహాలు అనే ఈ ఆడమనిషి చేసింది అనుకున్నాను.

ఇల్మా ఓడెక్కేముందు నా మెడ పట్టుకుని ఎంతకీ వదల్లేదు. "అత్తా, తారక బాగుంటాది. మాయమ్మ సూసుకుంటాది" అని అదే మాట మళ్లీ మళ్లీ అంది. అంతగా ఎందుకు చెబుతోందో నాకు పట్టలేదు.

మంగళవారం. గాలి తూర్పు. నీళ్లు సగం.

అతిథి లేదు అని రాశాను. పలక ఒప్పుకోలేదు. తిన్నది, పడుకున్నది, క్షేమం. ఈ మూడింటికే గడులు. లేదు అనడానికి గడి పెట్టలేదు. ఇలాంటి రోజొకటి వస్తుందని దీన్ని చేసినవాళ్లు అనుకోలేదు కాబోలు.

సాయంత్రం అలవాటుగా రెండు కంచాలు పెట్టాను. ఒకటి తీసేశాను.

శనివారం. గాలి తూర్పు.

సమాఖ్య వాళ్లు బదులు పలికారు. తమ దగ్గరున్న మనవాళ్లలో ఇరవైమందిని పంపుతున్నారు, ముసలివాళ్లని, జబ్బుమనుషుల్ని. రేడియోలో సన్నాయి పెట్టారు. పక్క వీధి అప్పయ్యమ్మ తమ్ముడు వస్తున్నాడట. ఆవిడ వచ్చి నా చేతులు కళ్లకద్దుకుంది. "నీ పుణ్యమే వరహాలూ" అంది.

మనవాళ్లు ఇరవైకి యాభై అన్నారు. వాళ్లు యాభైకి రెండు వందలన్నారు. పెళ్లివారి మర్యాదల్లా ఒకరిని మించి ఒకరు. నౌకలు మాత్రం దిబ్బ దగ్గరే ఉన్నాయి. ఆ సంగతి రేడియో ఇప్పుడు చివర్లో చెబుతోంది, వాతావరణం తర్వాత.

గురువారం. గాలి ఉత్తరం.

సన్యాసిరావు వచ్చాడు. చూడ్డానికి అతిథి లేదు కదా, ఎందుకొచ్చావన్నాను. వీధిగది బల్ల మీద కూలబడి మంచినీళ్లడిగాడు. కోటా దాటినా ఇచ్చాను, అతని వాలకం అలా ఉంది.

"అప్పా, ఇల్మాని పంపిన రోజునే వాళ్ల పెద్దలు కూర్చుని ఒకటే ప్రశ్న వేసుకున్నారంట. ఎందుకు పంపేరని."

"కానుపుకి."

"అదే రాసేం. మా దేశపు ఆచారం ఇది, తొలిచూలు ఆడపిల్ల పుట్టింటికెళ్లాలని. నాలుగు కాగితాలు నేనే రాసేను, మా ఆవిడ సంగతితో సహా. దానికి వాళ్లు జవాబు రాసేరు. ఆచారం నిజమే కావచ్చు. ఇన్నేళ్లూ మీ ఊళ్లల్లో మా ఆడపిల్లలు ఎంతమంది కనలేదు? అప్పుడు గుర్తురాని ఆచారం నౌకలు ఎదురుపడ్డ వారంలోనే ఎలా గుర్తొచ్చింది అని."

ఇదివరకు కానుపైనవాళ్లెవరూ నన్ను అడగలేదు, ఇల్మా అడిగింది. అంతే. అంతకు మించి ఏ కారణమూ లేదు.

"తన ఇంట్లో ఉన్న జామీనుని తనే వదిలీసేడంటే వాడికిక జామీనుతో పనిలేదన్నమాట. వాడే ముందు కొట్టబోతున్నాడన్నమాట. వాళ్ల లెక్క అదీ. అందికే వాళ్ల మనుషులందర్నీ బేగి బయటికి లాగాలని చూస్తన్నారు. మనవాళ్లని పంపి, మనచేత వాళ్లవాళ్లని పంపించుకుంటన్నారు."

"మరి మనవాళ్లు ఎందుకు పంపుతున్నారు?"

సన్యాసిరావు గ్లాసు కింద పెట్టాడు. "వాళ్లెందుకు పంపుతున్నారని మనవాళ్లకీ అదే అనుమానం అప్పా."

వద్దని చెప్పరా ఎవరూ, ఆపండి అని అరవరా అన్నాను. పిల్లలు ఇంటికొస్తుంటే ఆపమని ఏ నాయకుడంటాడు, వీధుల్లో తంతారు అన్నాడు. నిజమే. అప్పయ్యమ్మ ఇంటికెళ్లి నీ తమ్ముణ్ణి వెనక్కి పంపు అని నేననగలనా? నేననలేను. నాలాంటి వాళ్లం వేలమంది అనలేం. అందరం చప్పట్లు కొడుతున్నాం.

ఆదివారం. గాలి గుర్తులేదు.

తారక వచ్చింది. నా తల్లి వచ్చింది, నా బంగారం వచ్చింది!

రేవులో జనం మధ్య గుర్తుపట్టలేదు. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది, ముఖం పాలిపోయింది, వాళ్ల దేశపు మందపాటి కోటు. నడక చూసి గుర్తుపట్టాను. కుడికాలు కాస్త బయటికి వేసి నడుస్తుంది, వాళ్ల నాన్నలా. పరుగెత్తి పట్టుకున్నాను. అది నన్ను పట్టుకోలేదు. ఓడ ప్రయాణం అలసట అనుకున్నాను.

దారంతా బాజాలే. ఇంటికొచ్చి నాలుగు చెంబులు నీళ్లు పోసి స్నానం చేయించి, వేడి వేడి అన్నంలో నెయ్యి వేసి కలిపి నోట్లో పెట్టబోయాను. తల తిప్పుకుంది.

"అమ్మా, ఏటి చేసీసేవే?"

"నేనేం చేశానే?"

"నేను రానన్నాను. ఓడ దగ్గర కూడా రానన్నాను. ఇద్దరు సిపాయిలు రెక్కలు పట్టుకుని ఎక్కించేరు. తోరమ్మ వాళ్ల కాళ్లట్టుకుంది. ఈ పిల్ల మా ఇంట్లోనే ఉండాల, ఇది ఉన్నంతసేపే నా కూతురూ దాని కడుపులో బిడ్డా బతుకుతారని ఏడ్చింది. వింటేనా? మీ అమ్మే మొదలెట్టింది అన్నారు నాతోటి. మీ అమ్మే ముందు పంపింది."

"కడుపుతో ఉన్న పిల్లమ్మా..."

"తెలుసే. ఇల్మా చెప్పింది నీ గురించి. మా అత్త మంచిదే, ఆ మంచితనమే మా కొంపముంచింది అంది."

చెయ్యి కంచంలోనే ఉండిపోయింది. అన్నం చల్లారిపోయింది. తర్వాత అదే జాలిపడి నా చెయ్యి పట్టుకుని, ఆ ముద్ద తినేసింది. మూడేళ్లుగా ఈ ముద్ద కోసమే బతికాను నేను. ఒక్క పూట కూడా దాని ముఖం చూసి సంతోషపడలేకపోయాను.

బుధవారం. గాలి ఉత్తరం. నీళ్లు కోటా లేకుండా ఇస్తున్నారు.

కోటా ఎత్తేశారంటే అందరికీ అర్థమైంది. దాచుకుని ఏం చేస్తాం అని.

ఊళ్లో సమాఖ్య మనిషి ఒక్కడూ లేడు. చివరి ఓడ నిన్న వెళ్లింది. వాళ్ల దగ్గర మనవాళ్లు ఒక్కరూ లేరు. దిబ్బ దగ్గర రెండు పడవలు రాసుకున్నాయి. సమాఖ్య మూడు రోజులు గడువిచ్చింది. మనవాళ్లు అంత గడువు మీకే ఇవ్వం అన్నారు. తటస్థ దీవిలో రాయబారులు సంచులు సర్దుకున్నారు.

తారక పొద్దున్నే లేచి కోటు వేసుకుంది. "నేను వెనక్కెళ్తానే అమ్మా" అంది. "నన్ను తీసుకుంటే ఇంకా ఒక జామీనైనా మిగుల్తాది. నాలాంటోళ్లం పదిమందిమి వెళ్లినా మనవాళ్ల చెయ్యి కాస్త వెనకాడుతాది."

వద్దని ఎలా అనను? పంపమని ఎలా అనను? వచ్చి నాలుగు రోజులు కాలేదు. ఇక్కడుంటే నాతో పాటు పోతుంది. అక్కడికెళ్తే వాళ్లు ఆగుతారన్న నమ్మకం లేదు, కానీ మనవాళ్లు ఒక్క క్షణం ఆలోచిస్తారు, ఆ క్షణంలో ఏదైనా జరగొచ్చు. సంచి నేనే సర్దాను.

రేవుకి వెళ్లేసరికి మేమే మొదలు కాదు. ఈ పది రోజుల్లో బాజాలతో దిగిన పిల్లలే మళ్లీ సంచులతో నిలబడి ఉన్నారు, పక్కన తల్లులు, తండ్రులు. అప్పయ్యమ్మ తమ్ముణ్ణి చక్రాల కుర్చీలో తోసుకొచ్చింది. నన్ను చూసి తల తిప్పుకుంది. తిప్పుకోనీ.

కచేరీ కిటికీ దగ్గర సన్యాసిరావు గొంతు పోయి ఉన్నాడు. "అటువేపు తీసుకోడం లేదప్పా. ఓడ పంపితే ముంచీస్తామంటన్నారు."

"నా పిల్లని జామీనుగా తీసుకోండి బాబూ" అన్నాను. "ఊరికే ఇస్తున్నాను, బదులు ఎవర్నీ ఇవ్వద్దు, తిరిగి కూడా పంపొద్దు. తీసుకోండి." కిటికీ ఊచలు పట్టుకుని అరిచాను. ఏ తల్లీ అనకూడని మాట. నా వెనక ఉన్నవాళ్లంతా అదే మాట అంటున్నారు.

అతను కిటికీ లోపలి తెర మా వైపు తిప్పాడు. వాళ్ల రేవు కనిపించింది. మంచు కురుస్తోంది. అక్కడా ఇంతే బారు, ఇవే సంచులు. అక్కడి కిటికీ ముందు ఇల్మా, పక్కన తోరా. ఇల్మా చేతుల్లో గుడ్డల మూట.

"అత్తా! మీ కాడికొచ్చీస్తానంటే మావోళ్లు ఒగ్గడం నేదు. పిల్లతో అచ్చంగా ఒచ్చీస్తానన్నాను, ఒగ్గడం నేదు."

"ఆడపిల్లా?"

"ఆడపిల్లే."

"పాలు పడ్డాయా?" అన్నాను.

"పడ్డాయత్తా" అంది. తారక నా భుజం మీంచి వంగి "తోరమ్మా" అని పిలిచింది, యంత్రం దాన్ని అటు చేర్చేలోగా తెర ఆరిపోయింది. అటు ఆపారో, ఇటు ఆపారో.

కిటికీ మూసి చాలాసేపైంది. పలక ఒళ్లో పెట్టుకుని ఇది బారులోనే కూర్చుని రాస్తున్నాను. తారక నా మీద ఆనుకుని కూర్చుంది. సన్యాసిరావు బయటికొచ్చి, ఇక ఓడ లేదు, ఎవరిళ్లకు వాళ్లు వెళ్లండని బతిమాలుతున్నాడు. ఒక్కరూ లేవడం లేదు. అటూ ఇటూ పిల్లలంతా ఇళ్లకు చేరిపోయారు కాబట్టే కదా మేం చచ్చిపోబోతున్నాం.